ఏ కంపెనీ రంపం మంచిది? యంత్రాలు విప్పేవాడి మాట

పెట్రోల్ చైన్ సాల్లో స్టిల్ కొనాలా, హస్క్‌వర్నా కొనాలా అని నన్ను అడగని వారం ఉండదు. నా జవాబు ముందే చెప్పేస్తాను: రెండూ మంచివే. మీకు అందుబాటులో ఉన్న డీలర్ ఎవరి స్పేర్ పార్టులు రెండు మూడు రోజుల్లో తెప్పించగలడో ఆ కంపెనీది తీసుకోండి. రెండూ నారింజ రంగువే, అందులో ఏ ఛాయ బాగుందన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఈ మాట వినగానే చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. ఒక పేరు చెప్పి పంపేస్తే వాళ్లకి హాయి. నేను చేసేది మోటారు పనిముట్ల రిపేరు. చైన్ సాలు, గ్రైండర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, సర్క్యులర్ సాలు, ఏదైనా ఆగిపోయాకే నా బల్ల మీదికొస్తుంది. పాడైనవే చూస్తాను కాబట్టి ఏ కంపెనీ మీదా భక్తి మిగల్లేదు. కానీ విప్పిన ప్రతిసారీ ఎవరు ఎక్కడ కక్కుర్తి పడ్డారో, ఎవరు పడలేదో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నేను రాసేది ఆ లోపలి సంగతే.

అంతకంటే ముందు కంపెనీతో సంబంధం లేని గొడవ ఒకటి పక్కన పెట్టాలి. "అన్నా, ఇది వేస్టు కంపెనీ. మోటారులో దమ్ము లేదు. మీద పడి నొక్కితే గానీ తెగట్లేదు, పైగా పొగ" అంటూ తెచ్చే రంపాల్లో ఎక్కువ వాటికి మోటారు జోలికే పోనక్కర్లేదు. చైన్ మొద్దుబారి ఉంటుంది, అంతే. కింద రాలే పొట్టు చూస్తే తెలిసిపోతుంది. పదునున్న చైన్ చెక్కని చిన్న చిన్న రేకులుగా లేపుతుంది, మొద్దుబారింది పిండి రాలుస్తుంది. కోత ఒక పక్కకి వంపు తిరుగుతోందంటే ఎడమ వరస పళ్లు, కుడి వరస పళ్లు ఒకే పొడవు లేవని అర్థం. ఒక వరస ఆకురాయికి బాగా అందుతుంది, గట్టిగా రుద్దేస్తారు. రెండో వరస దగ్గర చెయ్యి సరిగ్గా తిరగదు, పైపైన తేల్చేస్తారు. నాలుగుసార్లు అలా పదును పెట్టేసరికి ఒక వైపు పళ్లు సగమవుతాయి. అప్పుడిక ఎంత ఖరీదైన రంపమైనా చంద్రవంకలాగే కోస్తుంది.

ఆకురాయి సైజు కూడా ముఖ్యం. చిన్న రంపాల్లో వచ్చే 3/8 అంగుళం లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) చైన్‌కి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 చైన్‌కి 4.8, పెద్ద 3/8 చైన్‌కి కంపెనీని బట్టి 5.2 లేదా 5.5. చేతికి దొరికిన దాంతో రుద్దితే పన్ను అంచు కింద కొక్కెంలాగా లోతు పడుతుంది, లేదంటే అంచు వెనక్కి వాలిపోతుంది. రెండూ నష్టమే. ప్రతి కోత పన్ను ముందు డెప్త్ గేజ్ అని ఒక చిన్న దిమ్మ ఉంటుంది. పన్ను ఒకసారికి ఎంత చెక్క తినాలో చెప్పేది అదే. పన్ను కంటే అది సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పళ్లు అరిగి, దిమ్మలు అలాగే ఉండిపోతే చైన్ చెక్క మీద జారుతుంది తప్ప దిగదు. ఇవన్నీ సరిచేసి ఇస్తే, "వేస్టు కంపెనీ" అన్నతనే మర్నాడు ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చి అదే రంపం కొనమని సిఫారసు చేస్తాడు.

చైన్ మాట వచ్చింది కాబట్టి అందులో బ్రాండ్ సంగతి కూడా చెప్పేస్తాను. స్టిల్ తన చైన్‌లు తానే చేసుకుంటుంది, ఫ్యాక్టరీ స్విట్జర్లాండ్‌లో ఉంది. ఒరెగాన్ దాదాపు అన్ని కంపెనీల రంపాలకీ సరిపోయే చైన్‌లు, బార్లు (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీలు) అమ్ముతుంది. స్టిల్ చైన్ ఉక్కు కాస్త గట్టిదనీ, పదును ఎక్కువసేపు నిలుస్తుందనీ నా చేతికి అనిపిస్తుంది. ఒరెగాన్ చైన్ మీద ఆకురాయి తేలిగ్గా నడుస్తుంది. మురికి పట్టిన దుంగలు కోసేవాళ్లకి రెండోదే ఇస్తాను, ఎలాగూ రోజూ రుద్దాలి కదా. పిచ్ (లింకుల దూరం కొలత, పైన చెప్పిన 3/8, 0.325 అదే), గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), లింకుల సంఖ్య మూడూ కలిస్తేనే చైన్ కొనండి. 1.3 మిల్లీమీటర్ల చైన్ 1.1 బార్ గాడిలో అసలు దిగదు. 1.1 చైన్ 1.3 గాడిలో దిగుతుంది, దిగి అటూ ఇటూ ఊగుతుంది. ఆ రెండో కేసే ప్రమాదం, ఎందుకంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది.

ఇక అసలు పోటీ. స్టిల్ 1926లో మొదలైన జర్మన్ కంపెనీ. హస్క్‌వర్నా పుట్టింది 1689లో, స్వీడన్‌లో, తుపాకుల కార్ఖానాగా. వాళ్ల మొదటి చైన్ సా 1959లో వచ్చింది. ఈ వయసులు చూసి కొనేవాళ్లూ ఉన్నారు. మనం మోడళ్లు చూద్దాం.

తరచుగా పక్కపక్కన పెట్టి అడిగేవి స్టిల్ ఎంఎస్ 250, హస్క్‌వర్నా 445. మొదటిది 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు. రెండోది 45.7 సీసీ, 2.1 కిలోవాట్లు. కాగితం మీది ఈ తేడా పదునైన చైన్ ముందు లెక్కలోకి రాదు. నాకు తేడా తెలిసేది స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మార్చేటప్పుడు. స్టిల్ ఎంఎస్ 170, 180, 250ల్లో క్లచ్ డ్రమ్ (క్లచ్ పట్టుకుని తిప్పే గిన్నె) బయటికే ఉంటుంది. చిన్న ఈ-క్లిప్ ఒకటి, దాని కింద వాషర్ ఒకటి తీస్తే స్ప్రాకెట్‌తో సహా డ్రమ్ చేతిలోకి వస్తుంది. క్లిప్ ఎగిరి ఎక్కడో పడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకోవాలి, అంతే నైపుణ్యం. హస్క్‌వర్నా 445లో డ్రమ్ లోపల, క్లచ్ బయట. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి పిస్టన్‌కి అడ్డు పెట్టి, క్లచ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి విప్పాలి, దాని మర రివర్సు కాబట్టి. సంగతి తెలియనివాళ్లు మామూలు మర అనుకుని బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తారు, తర్వాత సుత్తి తీస్తారు. నా దగ్గరికొచ్చేది ఆ తర్వాతే.

స్ప్రాకెట్ ఎందుకు ముఖ్యమంటారా? రెండు చైన్‌లు అరిగేలోపు అదీ అరుగుతుంది. పళ్ల మీద అర మిల్లీమీటరు లోతు గాడి కనిపిస్తే మార్చెయ్యాల్సిందే. లేకపోతే కొత్త చైన్ కూడా తొందరగా సాగిపోతుంది. సొంతంగా మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఈ ఒక్క విషయంలో చిన్న స్టిల్ సుఖం.

గాలి ఫిల్టర్ దగ్గర మాత్రం మార్కులు హస్క్‌వర్నాకి వెళ్తాయి. వాళ్ల ఎయిర్ ఇంజెక్షన్ పద్ధతిలో ఫ్లైవీల్ ఫ్యాన్ గాలిని సుడి తిప్పి, బరువైన దుమ్ముని ఫిల్టర్ దాకా రాకుండానే బయటికి విసిరేస్తుంది. పొడి చెక్క రోజంతా కోసిన రంపం మూత తీసి చూస్తే తేడా కళ్లకే కనిపిస్తుంది. వణుకు విషయంలోనూ 445 చేతికి నయం. ఎంఎస్ 170లో హ్యాండిల్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండేవి రబ్బరు దిమ్మలు. నెలకోసారి కొమ్మలు కోసేవాళ్లకి అవి చాలు. గంటల తరబడి పట్టుకునేవాళ్లకి స్ప్రింగుల మీద కూర్చున్న హ్యాండిల్ కావాలి. ఏళ్ల తరబడి ఆ వణుకు భరిస్తే వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు వస్తుంది, అది తిరిగి పూర్తిగా నయం కావడం కష్టం.

అసలు తేడా కంపెనీల మధ్య కంటే ఒకే కంపెనీ తరగతుల మధ్య ఉంటుంది. ఇది అమ్మేవాళ్లు చెప్పరు. హస్క్‌వర్నా 450, స్టిల్ ఎంఎస్ 261 రెండూ 50.2 సీసీయే. మొదటిది 2.4 కిలోవాట్లు, రెండోది 3. కానీ 450 ఇంటివాడకానికి, 261 రోజువారీ కూలి పనికి. 261లో ఇంజిన్‌ని మోసేది నిలువుగా రెండు ముక్కలైన మెగ్నీషియం క్రాంక్‌కేసు. 450లోనూ, చిన్న స్టిల్‌లలోనూ బయటి డొక్క ప్లాస్టిక్, ఇంజిన్ దానిలో కూర్చోబెట్టిన ముద్ద. ప్లాస్టిక్ అనగానే చీదరించుకోకండి, ఇంటివాడకానికి అది ఏళ్లూ పూళ్లూ పనిచేస్తుంది. కానీ వాటిలో క్రాంక్ సీల్ (ఇంజిన్ ఇరుసు దగ్గర గాలి చొరబడకుండా ఆపే రింగు) మార్చాలంటే దాదాపు మొత్తం ఇంజిన్ బయటికి తియ్యాలి, కూలి అక్కడే పెరుగుతుంది. హస్క్‌వర్నాలో 261కి సమ ఉజ్జీ 550 ఎక్స్‌పీ. అంటే 450ని 261తో పోల్చి "స్టిల్ గొప్పది" అనేవాళ్లు లారీని, కారుని పోలుస్తున్నారు.

261 సీ-ఎం, 550 ఎక్స్‌పీల్లో కార్బురేటర్‌ని కంప్యూటరే సర్దుకుంటుంది. దాన్ని స్టిల్ ఎం-ట్రానిక్ అంటుంది, హస్క్‌వర్నా ఆటోట్యూన్ అంటుంది. పనిచేసినంత కాలం ముచ్చటగా ఉంటుంది, ఎండైనా చలైనా ఒకేలా లేస్తుంది. మొరాయిస్తే నా స్క్రూడ్రైవర్‌కి అందులో పనిలేదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న డీలరే దిక్కు. డీలర్ దూరమైతే స్క్రూలున్న పాత తరహా కార్బురేటర్ తీసుకోండి.

మకిటా పెట్రోల్ రంపం గురించి అడిగేవాళ్లకి ఒక సమాచారం: 1927లోనే పెట్రోల్ రంపం తెచ్చిన డోల్మార్ కంపెనీని 1991లో కొన్నది మకిటాయే, కానీ 2022లో పెట్రోల్ ఇంజిన్ల తయారీ మొత్తం ఆపేసింది. బ్యాటరీ వైపు వెళ్లిపోయారు. పాత స్టాకు చవకగా దొరికితే యంత్రం మంచిదే, పార్టుల సంగతి కనుక్కుని కొనండి. ఎకో అనే కంపెనీ రంపం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అది మొండి యంత్రం. ఆర్భాటం తక్కువ, చెయ్యి పెట్టడానికి లోపల చోటెక్కువ. డీలర్ ఉంటే నిశ్చింతగా కొనొచ్చు.

పేరూ ఊరూ లేని 52, 58 సీసీ రంపాల సంగతికొద్దాం. వీటిలో చాలావాటికి మూలం జపాన్ జెనోవా కంపెనీ పాత డిజైను. కాబట్టి పార్టులు ఒకదానివి ఇంకొకదానికి పడతాయి, చవక, ఎక్కడైనా దొరుకుతాయి. ఇది నిజంగానే వాటికున్న బలం, కాదనను. బలహీనత ఏంటంటే ఏ రెండూ ఒకేలా ఉండవు. క్లచ్ స్ప్రింగు, ఆయిల్ పంపు నడిపే గేరు, ఫ్యూయల్ పైపు మొదట పోతాయి. స్టిక్కర్ మీది సీసీని నమ్మొద్దు. సిలిండర్ విప్పినప్పుడు బోర్‌ని (సిలిండర్ లోపలి వెడల్పు) మిల్లీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, 0.785తోనూ స్ట్రోక్‌తోనూ (పిస్టన్ కదిలే దూరం) గుణించి, వెయ్యితో భాగిస్తే నిజమైన సీసీ వస్తుంది. హస్క్‌వర్నా 445 బోర్ 42, స్ట్రోక్ 33. లెక్క కట్టండి, 45.7 కచ్చితంగా వస్తుంది. ఇదే లెక్క స్టిక్కర్ రంపం మీద వేస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది.

సెకండ్ హ్యాండ్ రంపం కొంటుంటే సైలెన్సర్ బోల్టులు విప్పించండి. సైలెన్సర్ తీశాక కనిపించే రంధ్రంలోకి టార్చి వేస్తే పిస్టన్ పక్క కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ పైకీ కిందికీ కదిలించి చూడండి. నున్నగా, అక్కడక్కడ గోధుమ మచ్చలతో ఉంటే పర్వాలేదు. నిలువు గీతలుంటే ఆయిల్ సరిగ్గా కలపకుండానో, గాలి ఎక్కువై వేడెక్కించో నడిపారన్నమాట. అమ్మేవాడు విప్పనివ్వకపోతే ఆ బేరం మానుకోవడమే. పెట్రోల్, ఆయిల్ నిష్పత్తి 50కి 1, అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్. "కొంచెం ఎక్కువే పోశానులే" అంటే ఇంజిన్ పట్టెయ్యదు గానీ, ప్లగ్, సైలెన్సర్ మసిపడతాయి. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ మాత్రం వద్దు. కార్బురేటర్ లోపలి సన్నటి దారులు జిగురు పట్టేస్తాయి. నా సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం ఈ జిగురు పుణ్యమే.

ప్లగ్ పాయింట్ అందే చోట మాత్రమే కోసేవాళ్లు పెట్రోల్ జోలికి పోకండి. మకిటా యూసీ4041ఏ లాంటి కరెంటు రంపం 1800 వాట్లు, చైన్ వేగం సెకనుకి 14.5 మీటర్లు. కట్టెలు ముక్కలు చేయడానికి దిట్టం. దాన్ని చంపేది వైరు. 230 వోల్టుల దగ్గర అది సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. 50 మీటర్ల పొడవున 0.75 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) వైరు వేస్తే 18 వోల్టులు దారిలోనే పోతాయి, వైరు వెచ్చబడుతుంది, మోటారు మూలుగుతుంది. అంత దూరానికి 2.5 స్క్వేర్ వేసుకోండి.

బ్యాటరీ రంపాలు ఇప్పుడు ఆటబొమ్మలు కావు. మకిటా డీయూసీ353 రెండు 18 వోల్టుల బ్యాటరీలతో నడుస్తుంది, చైన్ వేగం సెకనుకి 20 మీటర్ల దాకా వెళ్తుంది. కానీ లెక్క గుర్తుంచుకోండి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్లు. కిలోవాట్ లాగుతూ ఆపకుండా కోస్తే ఒక్కోటి ఐదు నిమిషాల చిల్లర. రెండూ కలిసి పదకొండు నిమిషాల లోపే. కొమ్మలు కోసే పనిలో మధ్యమధ్య ఆగుతాం కాబట్టి అది చాలాసేపు వచ్చినట్టుంటుంది. లావు దుంగ పలకలు కోసేవాళ్లకి చాలదు.

వర్క్‌షాపు పనిముట్లలో గ్రైండర్ నుంచి మొదలెడతాను, ఎందుకంటే ఎక్కువ దెబ్బలు తినేదీ, కొట్టేదీ అదే. బాష్, మకిటా, డీవాల్ట్, హైకోకీ... వీటిలో దేని ఆర్మేచరైనా (మోటారులో తిరిగే రాగి చుట్ల భాగం) రోజుకి గంట పనికి తట్టుకుంటుంది. పెట్టె మీది వాట్లు మోటారు లాగే కరెంటు, డిస్క్ దగ్గరికొచ్చేది దాదాపు సగమే. అందుకే 50 వాట్ల తేడా కోసం బుర్ర పాడుచేసుకోవద్దు. కార్బన్ బ్రష్ (తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే బొగ్గు ముక్క) ఎలా మార్చాలో చూడండి. కొన్నింటికి పక్కనే టోపీ ఉంటుంది, విప్పితే బ్రష్ చేతికొస్తుంది. కొన్నింటికి వెనక డొక్క మొత్తం తీయాలి. బ్రష్ మార్చడం బద్ధకమైతే అది చివరిదాకా అరిగి, స్ప్రింగు కమ్యుటేటర్‌ని (ఆర్మేచర్ మీద బ్రష్ ఆనే రాగి భాగం) గీరి, చిన్న ఖర్చుతో పోయేది ఆర్మేచర్ దాకా వస్తుంది. పేరున్న ఒక కంపెనీ గ్రైండర్‌కి స్విచ్ విడిగా అమ్మరు, సెట్టు మొత్తం కొనాలంటారు. పేరెందుకులే, కొనేముందు స్విచ్, బ్రష్, ఆర్మేచర్ విడిగా ఇస్తారా అని మీరే అడగండి.

గార్డు పీకేసి 100 మిల్లీమీటర్ల గ్రైండర్‌కి 180 డిస్క్ బిగించేవాళ్లని కళ్లారా చూశాను. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే దానికి ఆ డిస్క్ వేస్తే అంచు వేగం సెకనుకి 100 మీటర్లు దాటుతుంది. డిస్క్ తట్టుకునేది 80. మిగతాది ఊహించుకోండి.

రోటరీ హామర్లలో (తిరుగుతూ కొడుతూ గోడ తొలిచే డ్రిల్లులు) బాష్ జీబీహెచ్ 2-26 దెబ్బ 2.7 జౌల్స్, మకిటా హెచ్‌ఆర్2630ది 2.4. ఇంటి గోడలకి ఈ తేడా తెలియదు. కొన్నాళ్లకి తిరుగుతుంది గానీ కొట్టడం లేదంటే భయపడకండి, చాలాసార్లు స్ట్రైకర్ (లోపల కొట్టే ముక్క) మీది ఓ-రింగు అనే రబ్బరు చుట్టే పోయి ఉంటుంది. గ్రీజుతో పాటు మార్చితే మళ్లీ కొత్తదే.

బ్యాటరీ పనిముట్లలో మీరు కొనేది డ్రిల్ కాదు, బ్యాటరీ కుటుంబం. 20 వోల్టులు మ్యాక్స్ అని రాసి ఉంటే 18 కంటే బలమైందని మోసపోకండి. రెండింటిలోనూ ఒక వరసలో ఐదు సెల్లులే. అప్పుడే ఛార్జి చేస్తే 20, పని చేసేటప్పుడు 18. డీవాల్ట్ అదే పనిముట్టు మీద అమెరికాలో 20 అనీ, యూరప్‌లో 18 అనీ రాస్తుంది. మకిటా ఎల్‌ఎక్స్‌టీ 18 వోల్టుల వరస 2005 నుంచి ఉంది, పనిముట్ల జాబితా చాంతాడంత. కానీ వాళ్ల 40 వోల్టుల ఎక్స్‌జీటీ బ్యాటరీ ఎల్‌ఎక్స్‌టీ పనిముట్లకి పట్టదు. ఎక్కువ వోల్టుల డీవాల్ట్ ఫ్లెక్స్‌వోల్ట్ ప్యాక్, హైకోకీ మల్టీవోల్ట్ ప్యాక్ మాత్రం తమ పాత 18 వోల్టుల వాటిలోనూ పనిచేస్తాయి. రేపు పెద్ద గ్రైండరో, రంపమో కొనే ఆలోచనుంటే నేను ఈ రెండింటి వైపే మొగ్గుతాను. రెండు డ్రిల్లులు, ఒక లైటు చాలనుకునేవాళ్లకి ఎల్‌ఎక్స్‌టీయే నయం. హైకోకీ అంటే 2018 దాకా హిటాచీ పేరుతో వచ్చినదే, కాబట్టి పాత హిటాచీ ఉన్నవాళ్లు పార్టులు ఈ కొత్త పేరుతో అడగండి.

రంపం కొనే రోజు డబ్బు ఇచ్చేముందు ఒక పని చేయించండి. స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ముందరి గార్డుని మణికట్టుతో ముందుకి తోయమనండి. చైన్ ఠక్కున ఆగాలి. బార్ కొన పైభాగం చెక్కకి తగిలి రంపం మొహం మీదికి ఎగిరినప్పుడు అడ్డుపడేది ఆ బ్రేకే. ఆగడానికి తాత్సారం చేసిందంటే ఏ కంపెనీదైనా సరే, ఇంకో పీసు తీయించండి.